చామంతికి 13 అక్షరాలు

మాది కడియపులంక. నాన్నకి పూల మార్కెట్‌లో చిన్న కొట్టు ఉంది. తెల్లారకుండానే బుట్టలు దించుకుని కాటా పెట్టుకోవాలి. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియమే. డిగ్రీ చదివినవాళ్లకి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష మొదటిసారి రాసినప్పుడు లెక్కలూ రీజనింగూ బాగానే చేశాను. ఇంగ్లిష్ దగ్గర మునిగిపోయాను. కీ చూసుకుంటే 25 ప్రశ్నల్లో 9 ఒప్పు, 12 తప్పు. ఒప్పుకి 2 మార్కులు, తప్పుకి అర మార్కు కోత, అంటే 50కి 12.

అందులో ఒక ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. ఫ్యాక్టరీ నుంచి బయటికి వదిలే మురుగునీటిని ఒక్క మాటలో ఏమంటారు అని. 'ఎఫ్లుయెంట్' పెట్టాల్సిన చోట 'అఫ్లుయెంట్' పెట్టాను. దానికి అర్థం బాగా డబ్బున్నవాడు.

అప్పటికి రాజమండ్రిలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లిచ్చిన మూడు వేల మాటల పీడీఎఫ్ బట్టీ పడుతున్నాను. అక్షరక్రమంలో రోజుకి యాభై. పొద్దున ఎక్కినవి సాయంత్రానికి అయిదు మిగిలేవి. ఆ సంగతి మా వీధిలో ఉండే రిటైరైన ఇంగ్లిష్ మాస్టారికి చెప్పాను. ఆయన పీడీఎఫ్ ముట్టుకోలేదు. కాలువ గట్టు మీదికి నడిపించి, "ఒరేయ్, లాటిన్‌లో ఫ్లూయెరె అంటే పారడం. దాని ముందు ఏం తగిలిందో అది చూసుకో" అన్నారు. బయటికి పారితే ఎఫ్లుయెంట్. మన వైపుకి పారితే అఫ్లుయెంట్, సిరి వచ్చి పడుతోందన్నమాట. కలిసి పారితే కాన్‌ఫ్లుయెన్స్, సంగమం. పైనుంచి పొర్లిపోతే సూపర్‌ఫ్లుయస్, అక్కర్లేనంత. తేనెలా పారితే మెల్లిఫ్లుయస్. తేనెలొలికే మాట అని మనం అనడం లేదూ? "మరి ఫ్లుయెంట్‌కి తెలుగేంట్రా?" అని అడిగారు. ధారాళం అన్నాను. అందులో ధార ఉందని ఆ క్షణం దాకా నాకు తట్టనే లేదు.

నాకు బాగా పట్టుకున్న మాట మాత్రం రైవల్. లాటిన్‌లో రైవస్ అంటే వాగు. ఒకే వాగు నీళ్లు వాడుకునేవాళ్లు రైవల్స్. మా వైపు పెరిగినవాడికి దీన్ని ఎవరూ వివరించక్కర్లేదు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతు నీళ్లప్పుడు అర్ధరాత్రి టార్చి పట్టుకుని పొలం కాలువ బోదె దగ్గర కాపలా కూర్చున్న పెద్దనాన్న, ఎదురు గట్టు మీద ఇంకో టార్చి. పగలు టీ కొట్టులో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఆ మాటని నేను ఇక మర్చిపోలేను. డిరైవ్, రివ్యులెట్ కూడా ఆ వాగులోవే. ఆ ఊపులో రివర్‌ని కూడా వీటి పక్కన రాసేస్తే మాస్టారు కొట్టేశారు. అది గట్టు అనే అర్థమున్న రైపా నుంచి వచ్చిందట. అరైవ్ కూడా అంతే, ఒడ్డుకి చేరడం.

ఇంకో పొరపాటూ చేశాను. ఫ్లవర్, ఫ్లో అక్కాచెల్లెళ్లు అనుకున్నాను. కావు. ఫ్లవర్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, ఫ్లో పాత ఇంగ్లిష్ సొంత మాట. ఆ మాటకొస్తే ఫ్లోకీ ఫ్లుయెంట్‌కీ కూడా చుట్టరికం లేదు. చూడ్డానికి కవలల్లా ఉంటాయంతే. నిజమైన కవలలు ఫ్లవర్, పిండి అనే అర్థమున్న ఫ్లౌర్. పిండిలో మేలైన భాగాన్ని 'పువ్వు' అనేవాళ్లు. 1755 నాటి జాన్సన్ నిఘంటువులో కూడా వాటికి వేర్వేరు స్పెల్లింగులు లేవు.

అప్పట్నుంచి నోట్‌బుక్‌ని రెండుగా చీల్చాను. ముందు నుంచి పూలు, వెనక నుంచి నీళ్లు. బేరాలు సద్దుమణిగాక కొట్లోనే రాసుకునేవాణ్ణి. బ్లూమ్‌కీ బ్లాసమ్‌కీ తేడా పీడీఎఫ్‌లో రెండు లైన్లుంది, నాకు ఒక్క మాట చాలింది. బ్లాసమ్ అంటే పూత. మామిడి పూత అంటాం గానీ మామిడి పువ్వులు అనం కదా. డైసీ అంటే పగటి కన్ను, రాత్రికి ముడుచుకుంటుంది. ఆంథాలజీ అంటే గ్రీకులో పూలు ఏరడం. మంచి కవితలు ఏరి కూర్చిన సంకలనానికి ఆ పేరు పెట్టారంటే ముచ్చటేసింది. నీళ్ల వైపు పేజీల్లో కాలువ మీద ఉండే లాకు ఉంది, మా తాతల కాలం నుంచీ మనం వాడుతున్న ఇంగ్లిష్ మాట. దాని కింద మనవైపు నుంచి వాళ్లకి వెళ్లింది, ఆనికట్. తమిళ అణైక్కట్టు, మన ఆనకట్ట. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరంలో కట్టించింది అదే.

ఈ పద్ధతి అన్నిటికీ పనికొచ్చిందని చెప్పను. వాల్‌ఫ్లవర్ అంటే గోడ మీద మొలిచే పూలమొక్కే. కానీ పార్టీలో ఎవరితో కలవకుండా ఓ మూల నిలబడేవాణ్ణి కూడా అలా అంటారని ఏ ధాతువూ చెప్పదు. అలాంటివి బట్టీయే. ప్రిపొజిషన్లయితే పాత పేపర్లు ముందేసుకుని తప్పులు చేసుకుంటూ పోవడమే.

రెండోసారి 19 ఒప్పు, 4 తప్పు, 36 మార్కులు. మొదటి దశ, టియర్-1, గట్టెక్కాను. టియర్-2 కూడా రాసేశాను, ఇప్పుడు రిజల్ట్ టెన్షన్.

చామంతి మాత్రం ఇంకా ఇబ్బంది పెడుతోంది. క్రిసాంథిమమ్ అంటే గ్రీకులో బంగారు పువ్వు, అర్థం బాగానే ఉంది, స్పెల్లింగే 13 అక్షరాలు. మొన్న పసుపు చామంతి కాటా వేస్తూ సి, హెచ్, ఆర్, వై అనుకుంటున్నాను. "ఏంట్రా ఆ గొణుగుడు, తూకం చూడు" అన్నాడు నాన్న. అప్పటికే పావుకిలో ఎక్కువ వేసేశాను.