ఇది నీ ఊరి ట్రాక్టర్ కాదు

"యే తేరే గావ్ కా ట్రాక్టర్ నహీ హై!" అని ఉస్తాద్ షెడ్డు అదిరేలా అరిచాడు. బండ్లు అద్దెకు తీసుకోవడానికి వచ్చి హెల్మెట్లు సరిచూసుకుంటున్న కుర్రాళ్లంతా ఇటు తిరిగారు. నేను అన్నది ఒక్క మాట. ఇసుకలో నడిపే డర్ట్ బైక్ హోండా సీఆర్‌ఎఫ్ 450ఎక్స్ నుంచి దించిన ఇంజనాయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, "ఉస్తాద్, ఇది ఇంకా తేనె రంగులోనే ఉంది, ఇంకో రెండు రైడ్లు లాగుతుంది" అన్నాను. దానికి ఆయన నా ఊరిని, ఊళ్లోని ట్రాక్టర్లను కలిపి తిట్టాడు.

తిట్లు నాకు కొత్త కాదు. కోరుట్లలో నాకు పని నేర్పిన ఉస్తాద్ పానా విసిరి మరీ తిట్టేవాడు, సాయంత్రం తనే పిలిచి చాయ్ తాగించేవాడు. ఆయన తిట్టేది పని గురించి. ఈయన తిట్టింది నేను పని నేర్చుకున్న చోటును. అందుకే రూముకు వచ్చి వంట చేసుకుంటున్నా అదే మాట, పడుకున్నా అదే మాట. మా ఊరి ట్రాక్టర్‌కు ఏం తక్కువయింది అని నాలో నేనే వాదించుకుంటూ ఉండిపోయాను.

మా షెడ్డు షార్జా ఎమిరేట్‌లోని అల్ బదాయర్‌లో ఉంది. దుబాయి నుంచి హత్తా పోయే రోడ్డు మీద మదాం దగ్గరికి వస్తే ఎర్రటి ఇసుక గుట్ట ఒకటి పెద్దగా కనిపిస్తుంది, అందరూ బిగ్ రెడ్ అంటారు. దాని చుట్టుపక్కల డర్ట్ బైకులు, బగ్గీలు, నాలుగు చక్రాల క్వాడ్లు అద్దెకిచ్చే షెడ్లు వరుసగా ఉంటాయి. చలికాలం అంతా సీజన్. 2022 జనవరి నుంచి షార్జాలో ప్రభుత్వ ఆఫీసులకు శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవే కాబట్టి ఆ మూడు రోజులు మాకు తల ఎత్తే తీరిక దొరకదు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా కన్‌స్ట్రక్షన్‌లోనో క్లీనింగ్‌లోనో ఉంటారు, నాకు చేతిలో పని ఉండబట్టి మెకానిక్ వీసా దొరికింది. ఉస్తాద్‌ది పెషావర్ వైపు. మనిషి పనిలో గట్టివాడు, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు.

ఇక ట్రాక్టర్ సంగతి. ఆయన మాటలో నాకు గుచ్చుకున్నది ఏంటంటే, ట్రాక్టర్ అంటే ఎలా పడితే అలా వాడేది, ఏ ఆయిల్ పోసినా నడిచేది అన్నట్టు మాట్లాడటం. అసలు మన దగ్గర గంటల లెక్కన ఆయిల్ మార్చే బండి ఏదైనా ఉందంటే అది ట్రాక్టరే! స్కూటర్‌కు, మోటార్ సైకిల్‌కు కిలోమీటర్లు చూస్తాం, ట్రాక్టర్‌కు డ్యాష్‌బోర్డు మీద గంటల మీటర్ చూస్తాం. మామూలుగా 250 గంటలకో ఆ చుట్టుపక్కలో ఇంజనాయిల్ మార్చాలని కౌలు రైతుకు కూడా తెలుసు. దమ్ము చేసే రోజుల్లో కేజ్ వీల్స్‌తో బురదలో తిరిగిన బండికి అంతకన్నా ముందే మారుస్తారు, ఎందుకంటే ఆ బండి పాడైతే సీజన్ పోతుంది, సీజన్ పోతే కిస్తీ కట్టలేరు. ఆయిల్ విలువ తెలియనివాళ్లు కాదు మావాళ్లు, తెలిసినవాళ్లు కాబట్టే చివరి చుక్క వరకు వాడతారు.

అయినా ఈ డర్ట్ బైక్ సంగతి వేరు, అది ఒప్పుకుంటాను. ఈ హోండాలో ఆయిల్‌కు రెండు అరలున్నాయి. పిస్టన్ తిప్పే ఇరుసు క్రాంకుకు, పిస్టన్‌కు, వాల్వులకు ఒక ఆయిల్, క్లచ్‌కు, గేర్‌బాక్సుకు ఇంకో ఆయిల్. కింద రెండు డ్రైన్ బోల్టులు, పోయడానికి రెండు మూతలు. స్ప్లెండర్ మీద పని నేర్చుకున్నవాడికి ఇది మొదట్లో వింతగానే ఉంటుంది, అందులో అన్నిటికీ ఒకే ఆయిల్ కదా. నాకు మాత్రం యమహా ఆర్‌ఎక్స్ 100 చేసిన చెయ్యి కాబట్టి తికమక కాలేదు, దాంట్లోనూ గేరాయిల్ వేరుగానే ఉంటుంది, ఇంజనుకు పెట్రోల్‌తో పాటు కాలిపోయే టూటీ ఆయిల్. మా షెడ్డులోనే ఉన్న కేటీఎం 450, యమహా డబ్ల్యూఆర్ 450లకు మళ్లీ ఒకే ఆయిల్. అందుకని బండి మారినప్పుడల్లా తల కూడా మార్చుకోవాలి.

రెండు అరలు పెట్టడంలో మంచి ఆలోచనే ఉంది. క్లచ్ ప్లేట్లు అరిగి రాలే నల్లటి పొడి క్రాంక్ బేరింగుల దాకా పోదు. ఇంజను వైపు మసి గేర్లలోకి రాదు. గేర్ వైపు పోసేది మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. కార్లకు పోసే కొన్ని ఆయిళ్లలో జారుడు పెంచే మందులు కలుపుతారు, అవి పోస్తే క్లచ్ జారుతుంది, ఇసుకలో గుట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది కానీ బండి కదలదు. డబ్బా మీద జాసో ఎంఏ అనే గుర్తు చూసి పోస్తే ఆ భయం లేదు.

పని చేసే తీరులో ఈ ఉస్తాద్ దగ్గర నాకు బాగా నచ్చింది బోల్టు ముట్టుకునే ముందు ఆయన చేసేది. బండిని కాసేపు నడిపి ఆయిల్ వేడెక్కాక ఆపుతాడు, కానీ వెంటనే విప్పడు. కంప్రెసర్ గాలితో, బ్రష్‌తో డ్రైన్ బోల్టుల చుట్టూ, మూతల చుట్టూ ఉన్న ఇసుక అంతా పోయిందాకా వదలడు. ఇక్కడి ఇసుక పిండి కన్నా మెత్తగా ఉంటుంది, ఒక్క చిటికెడు లోపల పడితే కొత్త ఆయిల్ పోసిన లాభం లేదు. ఆ తర్వాత బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది, బిగించేది బిగింపు కొలిచే టార్క్ పానాతోనే, అల్యూమినియం కేసు కాబట్టి చేతి బలం చూపిస్తే మరలు పోతాయి. ఫిల్టర్ పెట్టేటప్పుడు ముందు స్ప్రింగు, తర్వాత "అవుట్ సైడ్" అని రాసిన ముఖం బయటికి ఉండేలా కాగితం ఫిల్టర్. అది తిరగేసి పెడితే ఇంజనుకు ఆయిల్ అందక పట్టేస్తుంది, కాబట్టి ఇంకొకరిని పిలిచి చూపించాకే కవర్ మూయాలని రూలు పెట్టాడు. ఇంజను వైపు పోశాక మూడు నిమిషాలు ఐడిల్‌లో నడిపి, ఆపి, మూడు నిమిషాలు ఆగి, ఆయిల్ మట్టం చూసే గేజ్ పుల్లను మర తిప్పకుండా ఊరికే లోపల పెట్టి చూడాలి. గేర్ వైపు పుల్ల ఉండదు, పక్కన ఒక చిన్న చెక్ బోల్టు ఉంటుంది, బండిని నిటారుగా నిలబెట్టి అది విప్పితే ఆయిల్ అంచు దాకా వచ్చి కారాలి. ఈ పద్ధతిలో నేను ఒక్క వంక కూడా పెట్టలేను.

నా మనసుకు పట్టనిది ఆ గంటల లెక్క. రేసుల్లో వాడే ఇలాంటి హోండాకు కంపెనీ పుస్తకంలో దాదాపు 15 గంటలకు ఒకసారి మార్చమని ఉంటుంది. మా షెడ్డులో దానికి కూడా ఆగం, ప్లగ్గు వైరుకు చుట్టిన చిన్న గంటల మీటర్ చూసి అందులో సగం కూడా కాకముందే దించేస్తాం. మన దగ్గర ఒక స్ప్లెండర్ ఒక్కో ఆయిల్ మీద నెలల తరబడి పొలానికి, బడికి, సంతకు, అత్తగారింటికి తిరుగుతుంది. ఇక్కడ దాదాపు అంతే ఆయిల్ ఒక వారాంతం కూడా పూర్తిగా చూడకుండా డ్రమ్ములోకి పోతుంది.

కారణాలు తెలియక కాదు. ఒక్కో వైపు పట్టేది దాదాపు లీటరులో మూడింట రెండు వంతులు, అంత కొంచెం ఆయిల్ మీద అంత పెద్ద పిస్టన్ ఆధారపడి ఉంది. ఇసుకలో బండి నెమ్మదిగా పోతుంది, ఇంజను మాత్రం విపరీతంగా తిరుగుతుంది, రేడియేటర్‌కు గాలి అందదు, క్లచ్‌ను సగం పట్టుకుని నడిపేవాళ్లే ఎక్కువ. ఆయిల్ రంగు మారకముందే దాని చిక్కదనం విరిగిపోవచ్చు, అది కంటికి తెలియదు. ఇవన్నీ ఉస్తాద్ నాకు తర్వాత చెప్పాడు, నేను ఒప్పుకున్నాను. కానీ అసలు కారణం ఇంకొకటి ఉందని నాకు అనిపిస్తుంది, దాన్ని ఆయన చెప్పలేదు. ఈ బండికి యజమాని లేడు. కంపెనీ ఉంది, కానీ నడిపేవాడు రోజుకొకడు. కోరుట్లలో మా షెడ్డుకు వచ్చే బండి ఎవరిదో, అతను ఎలా నడుపుతాడో, పోయినసారి ఏ శబ్దం వచ్చిందో అక్కడి ఉస్తాద్‌కు తెలుసు. "మీ తమ్ముడు క్లచ్ మీద కాలు... కాదు చెయ్యి తియ్యడం లేదు, చెప్పు వాడికి" అని యజమానికే చెప్పేవాడు. ఇక్కడ ఒక గంట నడిపి, తాళం ఇచ్చి, ఫొటో దిగి వెళ్లిపోయినవాడు బండిని ఏం చేశాడో ఎవరూ చెప్పరు. మనిషిని అడగడానికి లేనిచోట మీటర్‌ను అడుగుతారు. అది తప్పని నేను అనను, కానీ మనిషిని తెలిసి చేసే పని దానికన్నా తక్కువ అని మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోను.

ఆ తిట్టు తర్వాత కొన్ని రోజులకు ఒక సంగతి జరిగింది. ఒక 450ఎక్స్ మీటర్ మీద గంటలు ఏమీ కాలేదు, లెక్క ప్రకారం ఆయిల్ ముట్టుకునే పనే లేదు. నేను అలవాటుగా గేజ్ పుల్ల తీసి చూస్తే మట్టం పెరిగి ఉంది, ముక్కు దగ్గర పెడితే పెట్రోల్ వాసన గుప్పుమంది, వేళ్ల మధ్య నీళ్లలా జారిపోతోంది. ఎవరో పెట్రోల్ కాక్ మూయకుండా నిలబెట్టారు, కార్బురేటర్‌లో పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ నీడిల్ దగ్గర దుమ్ము ఇరుక్కుంది, ఓవర్‌ఫ్లో పైపులు ఇసుకతో మూసుకుపోయాయి, దాంతో పెట్రోల్ అంతా ఇంజనులోకి దిగింది. అలాగే ఎవరికైనా ఇచ్చి ఉంటే గుట్ట మీద సగంలోనే బేరింగులు పోయేవి. ఉస్తాద్ వచ్చి తను కూడా వేళ్ల మధ్య రుద్ది చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున బండ్ల రిజిస్టర్‌లో గంటల గడి పక్కన స్కేలుతో ఇంకో గీత గీసి, ఉర్దూలో ఏదో రాసి, "రంగు, వాసన ఇక్కడ నువ్వు రాయి, ప్రతి బండికి, ప్రతి పొద్దున" అన్నాడు. అంతమంది ముందు అన్న మాటకు అంతమంది ముందు చేసిన జవాబు అనుకున్నాను, ఆయన మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

పారబోసే ఆయిల్ మీద దిగులు మాత్రం పోలేదు. మన దగ్గర కాలిన ఇంజనాయిల్ కోసం షెడ్డుకు మనుషులు వస్తారు. ఒకరు తలుపుల బందులకు, ఒకరు కొట్టం వాసాలకు చెద పట్టకుండా పూయడానికి అని సీసాలు పట్టుకుని వస్తారు. ఇక్కడ ఇసుకలో చుక్క పోస్తే జరిమానా, డ్రమ్ము నిండితే లైసెన్సు ఉన్న లారీ వచ్చి తీసుకుపోతుంది, మళ్లీ శుద్ధి చేస్తారట. భూమికి అదే మంచిదని తెలుసు. అయినా తేనె రంగు ఆయిల్ డ్రమ్ములోకి పోస్తుంటే ఒక డబ్బా ఖరీదుతో ఇంట్లో ఎన్ని రోజులు గడుస్తాయో లెక్క దానంతట అదే నడుస్తుంది.

లెక్క అంటే ఇంకొకటి కూడా ఉంది. బండి గంటలు ఇంత గట్టిగా రాసే షెడ్డులో మా గంటలు ఎవరూ రాసేవారు కాదు. చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, మించితే ఓవర్‌టైం అంటే ఓటీకి బేసిక్ జీతం మీద 25 శాతం ఎక్కువ ఇవ్వాలి, రాత్రి 10 నుంచి తెల్లవారి 4 మధ్య అయితే 50 శాతం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు, కానీ మేము రేకుల కింద ఉన్నాం కాబట్టి అది మాకు రాదని ఆఫీసులో అన్నారు. ఆ రేకుల కింద ఆగస్టులో నిలబడి చూస్తే తెలుస్తుంది. సీజన్‌లో రాత్రి బండ్లు కడిగి, ఆయిల్ దించి, ఫిల్టర్లు ఉతికి పడుకునేసరికి ఎంత అయ్యేదో, నెలాఖరున ఓటీ కాగితం మీద మాత్రం అందరికీ ఒకే అంకె ఉండేది.

ఆ కొత్త గడి వచ్చాక నేను అదే రిజిస్టర్‌లో చివరి పేజీ తీసుకున్నాను. వచ్చిన టైము, వదిలిన టైము, ఆ రోజు ఆయిల్ దించిన బండ్ల నంబర్లు. బండి నంబర్ పక్కన ఉంటే కాదనడానికి లేదు, ఎందుకంటే ఆ బండి ఆయిల్ ఎప్పుడు మారిందో ముందు పేజీల్లో వాళ్ల లెక్కలోనే ఉంటుంది. పోయిన నెల ఆ పేజీ పట్టుకుని ఆఫీసుకు వెళ్తే తేడా వచ్చిన ఓటీ జీతంలో కలిపారు. ఇప్పుడు ఉస్తాద్ తన గంటలు కూడా దాంట్లోనే రాయమంటున్నాడు.