సైన్ తీటా, తాళంకప్ప

పదకొండున్నర దాటింది. ఈయన గురక మొదలుపెట్టేశారు. మధ్యాహ్నం తిన్న గోంగూర అరిగింది గానీ, మరిదిగారి మాటలే ఇంకా అరగలేదు.

మరిదిగారు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకదాని మీద ఉపన్యాసం ఇస్తాడు. పోయినసారి రాగిచెంబు నీళ్లు. ఈసారి క్వాంటమ్ ఫిజిక్స్. బెంగళూరులో ఆ చివర మారతహళ్లి నుంచి మా ఇంటికొచ్చే గంటన్నర ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చుని చూసిన వీడియోలన్నీ తెచ్చి మా భోజనాల బల్ల మీద దింపుతాడు. దింపుకోనీ, నాకేం. కానీ మా చిన్నమ్మాయి పక్కనే ఉంది. ఫస్ట్ పీయూసీ, అంటే మన ఇంటర్ మొదటి ఏడాది. పోయిన వారం లెక్కల టెస్టులో పాతికకి పదకొండు తెచ్చుకుని మొహం వేలాడేసుకుని ఉంది. సరిగ్గా దాని ముందు, పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "ఫిజిక్స్ అంటే కాన్సెప్టు వదినా. లెక్కలు ఊరికే పిల్లల్ని భయపెట్టడానికి పెట్టారు. ఫారడేకి లెక్కలొచ్చా?" అన్నాడు.

దాని మొహం చూడాలి అప్పుడు. దీపావళే.

నాకు ఎక్కడో కాలింది. కరెంటుకీ అయస్కాంతానికీ ఉన్న సంబంధం మీద ప్రయోగాలు చేసిన ఫారడేకి పెద్దగా లెక్కలు రావు, నిజమే. పుస్తకాలు బైండింగ్ చేసే కొట్లో పని నేర్చుకున్న మనిషి. ఇనపరజను చల్లి అయస్కాంతం చుట్టూ గీతలు చూశాడు. ఆ గీతల్ని సమీకరణాల్లోకి ఎక్కించింది లెక్కల్లో దిట్ట అయిన మాక్స్‌వెల్. ఎక్కిస్తుంటే అన్నీ పొసగడానికి ఇంకో పదం కలపాల్సొచ్చింది. కలిపాక చూస్తే ఆ సమీకరణాల్లోంచి తరంగాలు బయటికొచ్చాయి, వాటి వేగం కడితే కాంతి వేగం దగ్గరికి వచ్చింది. ఇది 1860ల్లో. హెర్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ తరంగాల్ని గదిలో పుట్టించి చూపించేసరికి 1887. అప్పటికి మాక్స్‌వెల్ లేడు, ఫారడే లేడు. "నీ వీడియోలు నీ ఫోన్‌కి వచ్చేది వాటి మీదే బాబూ, లెక్క ముందు పుట్టింది, ఫోన్ తర్వాత" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాననుకుంటా.

"అది మాక్స్‌వెల్ పని వదినా. నేను అర్థం చేసుకోవడం గురించి మాట్లాడుతున్నా."

ఇంకా చెప్పబోతుంటే ఈయన, "చారు వేస్తావా?" అన్నారు. వేశాను. వాదన అక్కడితో ఆగింది, నేను ఓడిపోయినట్టుగా. ఈయన ఎప్పుడూ అంతే. తమ్ముడు ఏం వాగినా చారు అడుగుతారు. నేను నోరు తెరిచినా చారే అడుగుతారు. మరిది మూడు గంటలు కూర్చుని, మిగిలిన గోంగూర డబ్బాలో పెట్టించుకుని మరీ వెళ్లాడు.

ఇది రాసేసి పడుకుందామనే లాప్‌టాప్ తెరిచాను. కానీ అసలు సంగతి ఇది కాదని రాస్తుంటే తెలుస్తోంది.

రాత్రి అన్నాలయ్యాక చిన్నది పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, సైన్ తీటా, తీటా ఒకటేనా? ఇక్కడ లోలకం దగ్గర సైన్ తీటా కొట్టేసి తీటా రాశారు." తీటా అంటే లోలకం పక్కకి జరిగిన కోణం, సైన్ తీటా ఆ కోణం నుంచి కట్టే విలువ.

"చిన్న కోణాలకి అలా తీసుకుంటారమ్మా."

"ఎవరు?"

"అందరూ."

"చిన్న అంటే ఎంత?"

పాలు తోడు పెట్టాలని అటు తిరిగాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన నేను. మధ్యాహ్నం మాక్స్‌వెల్ మీద ఉపన్యాసం ఇచ్చిన నేను.

తోడు పెడుతుంటే ఇంటర్ ల్యాబు గుర్తొచ్చింది. 1994. లఘులోలకం ప్రయోగం. ఊపుకి పట్టే కాలాన్ని బట్టి జీ, అంటే భూమి గురుత్వ త్వరణం, కట్టాలి. కార్క్ చీలికలో దారం, దారానికి ఇత్తడి గుండు, నలుగురికి ఒక స్టాప్‌వాచీ. అందులోనూ ముల్లు ఒకసారి వెళ్తే ఒకసారి వెళ్లదు. అమ్మమ్మగారింట్లో ఉయ్యాల బల్ల మీద పెరిగినదాన్ని కాబట్టి గుండుని కొంచెం లాగి వదలడం నా వల్ల కాలేదు. బాగా వెనక్కి లాగి వదిలాను. ముప్పై, నలభై డిగ్రీలు ఉంటుంది. ఇరవై ఊపులు లెక్కపెట్టాను. మూడుసార్లు చేశాను, పొడవు మార్చి మళ్లీ చేశాను. జీ విలువ 945 దగ్గర వచ్చింది. రావలసింది 980. పక్కబల్ల వాళ్లందరికీ 978, 981, 979. కొందరికి గుండు కట్టకముందే వచ్చేసింది.

సార్ చూసి నవ్వాడు. "నీకోసం భూమి బరువు తగ్గిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. "ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తాడు, మార్చి రాయి" అన్నాడు. కోణం ఎంత పెట్టావని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నే కదా. రబ్బరు పెట్టి తుడిపాను. 980 నుంచి వెనక్కి లెక్కకట్టి టైములు రాసుకొచ్చాను. దాన్ని వండటం అనేవాళ్లం. 979.2 వచ్చేట్టు వండాను, మరీ 980 అయితే అనుమానమొస్తుందని. ఫుల్ మార్కులు.

ఇందాక ఆ లెక్క కూర్చుని చేశాను. పది డిగ్రీల దగ్గర సైన్ తీటాకీ తీటాకీ తేడా అర శాతం. ముప్పై దగ్గర నాలుగున్నర శాతం పైనే. ఊపు ముప్పై డిగ్రీలుంటే ఒక్కో ఊపుకి పట్టే కాలం సుమారు 1.7 శాతం పెరుగుతుంది. జీ కట్టేటప్పుడు కాలాన్ని వర్గం చేసి భాగిస్తాం కాబట్టి జీ మూడున్నర శాతం దాకా తగ్గుతుంది. 980లో మూడున్నర శాతం తీసేస్తే 946.

నాకు వచ్చింది 945. ఇన్నేళ్లూ తప్పు నాదనుకున్నాను! గుండు నిజమే చెప్పింది. సైన్ తీటా కొట్టేసి తీటా రాసుకున్న ఆ సూత్రం చిన్న ఊపులకే, నా ఊపుకి రాసింది కాదు, అంతే.

ఇంకా ఒళ్లు మండే సంగతేమిటంటే, పెద్ద ఊపుకి సరైన జవాబు ఎలిప్టిక్ ఇంటెగ్రల్ అనే ఓ పెద్ద లెక్కతో వస్తుంది. ఎమ్మెస్సీలో ఆ ఇంటెగ్రల్ నేను పరీక్షలో రాశాను. బెసెల్, లెజెండర్ పేర్లతో ఉన్న ఫంక్షన్లు, అన్నీ సుందరకాండలా బట్టీ. అది నా ఇత్తడి గుండుదే అని అప్పుడు తట్టలేదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. లెక్క ఒక నోట్సులో ఉంది, గుండు ఇంకో రికార్డులో ఉంది.

మరి మరిది చెప్పింది సగం నిజమేనా? ఒప్పుకోవడానికి మనసు రావట్లేదు గానీ, ఫారడే 1857లో మాక్స్‌వెల్‌కి రాసిన ఉత్తరం ఒకటుంది. మీ గణితం వాళ్లు ఫలితాల్ని మాలాంటివాళ్లకి మామూలు మాటల్లో చెప్పలేరా అని అడిగాడు. అరవై దాటిన మనిషి, అంత పేరున్నవాడు, అడిగాడు. మధ్యాహ్నం ఇది మరిదికి చెప్పలేదు నేను. గుర్తు రాక కాదు.

బెంగళూరులో సదాశివనగర్ వైపు వెళ్లినప్పుడల్లా సి.వి. రామన్ ఇన్‌స్టిట్యూట్ చెట్లు కనిపిస్తాయి. ఆయన 1921లో ఓడలో వస్తూ సముద్రం నీలాన్ని నికల్ పట్టకంలోంచి, అంటే నీటి మీద ప్రతిబింబించే వెలుగుని ఆపగలిగే పట్టకంలోంచి చూశాడు. ఆ నీలం ఆకాశపు ప్రతిబింబమే అని అప్పటికి ఇంగ్లండు శాస్త్రవేత్త రేలీ అంతటివాడు చెప్పేశాడు. ప్రతిబింబాన్ని పట్టకంతో కోసేసినా నీలం పోలేదు. ఇందులో సమీకరణం ఎక్కడుంది? మరిదికి మార్కు. కానీ ఆ తర్వాత ఆ నీలం నీటి అణువుల నుంచి వస్తోందని నిలబెట్టడానికి రామన్ వాడింది కాంతి చెదరడం మీద ఐన్‌స్టీన్, స్మొలుకౌస్కీ అనే శాస్త్రవేత్తలు కట్టిన లెక్కలే. మార్కు వెనక్కి.

1930లో ఆయన అన్నగారబ్బాయి చంద్రశేఖర్, పందొమ్మిదేళ్లవాడు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ చదువు ముగించి ఇంగ్లండు ఓడెక్కాడు. బాబాయిలా సముద్రం చూశాడో లేదో గానీ, కాగితం మీద తెల్లమరుగుజ్జు నక్షత్రాల (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రాల) లెక్కలో ఐన్‌స్టీన్ సాపేక్షత కలిపాడు. బరువు సూర్యుడికి సుమారు 1.4 రెట్లకి మించితే అలాంటి నక్షత్రం నిలవదని తేలింది. 1935లో ఇంగ్లండులో పేరుమోసిన ఖగోళశాస్త్రవేత్త ఎడింగ్టన్ నిండుసభలో దాన్ని నవ్వుతాలు చేశాడు. నక్షత్రం అంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా ప్రకృతిలో ఏదో నియమం ఉండి తీరాలన్నాడు. నోబెల్ వచ్చేసరికి 1983. మా సార్‌ని ఎడింగ్టన్‌తో పోల్చడం సార్‌కి మరీ ఎక్కువ గౌరవం. చంద్రశేఖర్ మాత్రం రబ్బరు తీయలేదు.

సరే. పదింటికి చిన్నదాన్ని లేపాను. అంటే పడుకోలేదు, ఫోన్ చూస్తోంది. పాత తాళంకప్పని పురికొసకి కట్టి, బాల్కనీలో బట్టలారేసే కొక్కేనికి వేలాడదీశాం. టేపు పెట్టి మీటరు. కొంచెం లాగి వదిలి ఇరవై ఊపులు లెక్కపెడితే నలభై సెకన్లు. బాగా, అరవై డిగ్రీల దాకా లాగి వదిలితే మొదటిసారి తులసికుండీకి తగిలింది. కుండీ జరిపి మళ్లీ చేస్తే 41.8. అది నాలుగుసార్లు చేసింది. ఒకసారీ నలభై రాలేదు.

"ఇంకా ఎక్కువ రావాలి కదమ్మా, నీ లెక్క ప్రకారం?" అంది. నలభై మూడు రావాలి. ఊపు మధ్యలో తగ్గిపోతోంది కదా, గాలికి, అన్నాను. "అయితే గాలికి కూడా లెక్కుంటుందా?" అని ఆవలించింది.

ఉంటుంది. రేపు చూద్దాం అన్నాను. రేపు దానికి కెమిస్ట్రీ టెస్టు.

945 వచ్చిన అసలు రీడింగులు రఫ్ నోట్సు చివరి పేజీల్లో ఉండేవి. ఆ నోట్సు అమ్మ ఎప్పుడో పాతపేపర్లవాడికి వేసేసింది. రికార్డు మాత్రం అట్టవేసి అటక మీద భద్రంగా ఉందిట, 979.2తో, సార్ ఎర్ర సంతకంతో.