పట్టీకి ఒక మెలిక

రేణిగుంట దాటగానే కారు పైనుంచి గూఁయ్‌మని ఒకటే మోత. స్పీడు పెంచితే ఇంకా ఎక్కువ. మా ఆవిడ చెవులు మూసుకుంది. నాకేమో టెన్షన్, పైన ఉన్నవి రెండు 14 అడుగుల కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి పడవలు) మరి.

టీ బంకు దగ్గర ఆపాను. ర్యాక్ కదల్లేదు, పట్టీలు బిగువుగానే ఉన్నాయి. వెనక కట్టిన ఎర్ర తువ్వాలు కూడా అలాగే ఉంది.

పక్కన టీ తాగుతున్న లారీ డ్రైవరన్న పైకి చూసి, "ఇదేంది సామీ, పడవా? యాడికి?" అన్నాడు. పులికాట్‌కి అన్నాను.

"పట్టీ సదరంగా ఉంటే గాలికి అదురుతాది. ఒక మెలిక ఎయ్యి" అని, తనే విప్పి, మెలితిప్పి, మళ్లీ బిగించాడు. రెండు నిమిషాల పని. వారం రోజులుగా వీడియోలు చూసి కట్టింది నేను!

మోత పోయింది. ఎదురుగా లారీ వచ్చి గాలి కొట్టినప్పుడల్లా మాత్రం, ముందు బంపర్‌ హుక్కుకి కట్టిన తాడు మీదే నా కన్ను. శ్రీకాళహస్తి ఎప్పుడు దాటామో మా ఆవిడ చెబితేనే తెలిసింది.