ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడులో చేరాలనుకునే పిల్లలకు

అనంతపురంలో రిపేరు బెంచీ ముందు కూర్చుని చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. టెన్త్ ఫలితాలు వచ్చే రోజుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు అడిగేది ఒకటే, ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడులో వేస్తే మావాడికి బతుకుదెరువు దొరుకుతుందా అని. దొరుకుతుంది. మన రాయలసీమలో అయితే తప్పకుండా దొరుకుతుంది, కాకపోతే ఆ రెండేళ్లలో వాడు కొలవడం నేర్చుకుని బయటికి రావాలి.

దారుల సంగతి క్లుప్తంగా చెప్తాను. పదో తరగతి పాసైతే ఐటీఐలో ఈ ట్రేడు రెండేళ్లు. ఆ తర్వాత ట్రేడ్ టెస్ట్ రాసి పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. డిప్లొమా కావాలంటే పాలిసెట్ రాసి ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) బ్రాంచిలో చేరొచ్చు, అది మూడేళ్లు, తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలోకి నేరుగా వెళ్లొచ్చు. రైల్వేలో టెక్నీషియన్, అసిస్టెంట్ లోకోపైలట్ పోస్టులకూ, శ్రీహరికోటలో ఇస్రో తీసే టెక్నీషియన్-బి పోస్టులకూ ఐటీఐ వాళ్లను పిలుస్తారు. ఐటీఐ అయిపోగానే అప్రెంటిస్‌గా చేరండి, దాన్ని మాత్రం వదులుకోవద్దు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ కూడా ఇస్తారు. అది తక్కువే, ఇంటికి పంపేంత మిగలదు, కానీ పెద్ద ఫ్యాక్టరీలో అసలు పని ఎలా జరుగుతుందో దగ్గరుండి చూసే అవకాశం మళ్లీ రాదు.

ఇక అసలు విషయం. ఈ మధ్య రిపేరు అంటే బోర్డు తీసేసి కొత్త బోర్డు వేయడం అయిపోయింది. టీవీ అయినా, ఇన్వర్టర్ అయినా, వాషింగ్ మెషిన్ అయినా అంతే. బోర్డు మార్చడం నాలుగు నెలల్లో ఎవరైనా నేర్చుకుంటారు, దానికి ట్రేడు అక్కర్లేదు. బోర్డులో ఏ పార్టు పోయిందో, అది ఎందుకు పోయిందో చెప్పగలిగేవాడికే పని నిలుస్తుంది.

మొన్న ఎండాకాలంలో శింగనమల వైపు నుంచి ఒక రైతు మొబైల్ స్టార్టర్ డబ్బా పట్టుకొచ్చాడు, అంటే ఫోన్ చేస్తే బోరు మోటారును ఆన్ చేసే డబ్బా. "ఫోన్ చేస్తే ఎత్తుతాదప్పా, మోటారు మాత్రం ఆడదు, చీనీ చెట్లు ఎండిపోతాండాయి" అన్నాడు. అంతకుముందు ఇంకెక్కడో చూపిస్తే రిలే (కరెంటు ఇస్తే లాగి పట్టుకునే స్విచ్) మార్చారంట, అయినా అంతే. మూత తీసి సప్లయి దగ్గర మీటరు పెడితే 12 వోల్టులు చక్కగా చూపిస్తోంది. ఇక్కడితో ఆగిపోతే సప్లయి బాగుందనే అనుకుంటాం. మీటరు అక్కడే ఉంచి, నా ఫోన్ నుంచి కాల్ చేశా. రిలే లాగబోయే క్షణంలో 12 కాస్తా 7కు పడిపోయింది. 12 వోల్టుల రిలే లాగాలంటే మామూలుగా 9 వోల్టుల దాకా ఉండాలి, 7తో ఎలా లాగుతుంది? సప్లయిలో వోల్టేజీని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్ పైకి బాగానే ఉంది, ఉబ్బలేదు, కారలేదు, లోపల మాత్రం ఎండిపోయింది. దాన్ని మారిస్తే రిలే టక్కుమని పట్టింది. ఆ కెపాసిటర్ ఖరీదు రెండు టీల డబ్బు కూడా కాదు. లోడు పడినప్పుడు కొలవాలన్న ఒక్క ముక్క తెలియక ఆ మనిషి వారం రోజులు నీళ్లు లేకుండా తిరిగాడు.

ఎండిపోవడం అన్నాను కదా, అది మన ఊళ్లలో ఎక్కువ. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల ద్రవం ఉంటుంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని లెక్క. కర్నూలు, కడప ఎండల్లో చేను గట్టున రేకు డబ్బాలో మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. అందుకే నేను 85 డిగ్రీల దాకా తట్టుకునే కెపాసిటర్ ఉన్నచోట 105 డిగ్రీలది వేస్తాను. ఇట్లాంటివి క్లాసులో ఒక్క వాక్యంతో దాటిపోతాయి, మీరే పట్టుకుని అడగాలి.

ఇంకో మాట, ఇది ప్రాణాలకు సంబంధించింది. ఎస్ఎంపీఎస్ బోర్డుల్లో, అంటే టీవీ, చార్జర్ లాంటివాటి పవర్ సప్లయి బోర్డుల్లో, 230 వోల్టుల ఏసీ డీసీగా మారాక పెద్ద కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు ఉంటాయి. ప్లగ్గు పీకేసినా కొంతసేపు అలాగే నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్ పెట్టి డిశ్చార్జ్ చేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి చూపించే సీనియర్లు ఉంటారు, వాళ్లను చూసి నేర్చుకోవద్దు. రిపేరు చేసిన బోర్డుకు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బల్బు పెట్టండి, అంటే కరెంటు బల్బు గుండానే బోర్డుకు వెళ్లాలి, పాత ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఇంకా ఉన్నట్టే.

పని ఎక్కడ ఉందంటారా? బోరు ఉన్న ప్రతి చేనులో స్టార్టర్ ఉంది. ఓర్వకల్లు, గని వైపు 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, కడప పక్కన కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ ఉంది, పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు పెరుగుతున్నాయి, వాటి ఇన్వర్టర్లు కూడా ఏదో ఒక రోజు పాడవుతాయి. ఆడపిల్లలకు ఈ ట్రేడు ఎందుకు అనేవాళ్లు ఇంకా ఉన్నారు, నాకు అది వింటే బాధేస్తుంది. బోర్డు పైనే అతికించే సన్నటి ఎస్ఎండీ పార్టులు సోల్డరింగ్ చేయడానికి కావాల్సింది ఓపిక, నిలకడైన చేయి, అంతే.

ఫీజు కట్టే ముందు ఆ ఐటీఐ ల్యాబు ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. పిల్లలు బెంచీల మీద పని చేస్తున్నారా, లేక ఆసిలోస్కోపు (వోల్టేజీ అలలను తెర మీద చూపే పరికరం) మీద కవరు కప్పి దుమ్ము పట్టించారా? ఇంట్లో మొదలుపెట్టడానికి ఒక డిజిటల్ మల్టీమీటర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 లెడ్డు (అతికించే సోల్డర్ తీగ), కొంచెం ఫ్లక్స్ చాలు. పాత సామాన్ల కొట్టులో పాడైన చార్జర్లు, డీవీడీ ప్లేయర్లు దొరుకుతాయి, తెచ్చుకోండి. వాటికి కరెంటు ఇవ్వకుండానే ఒక్కో పార్టు ఊడదీసి, కొలిచి, మళ్లీ అతికించండి. మీటరును డయోడు గుర్తు దగ్గర పెట్టి కొలిస్తే, డయోడు మీద ఒకవైపు 0.6 దగ్గర చూపించి రెండోవైపు ఏమీ చూపించకపోతే అది బాగున్నట్టు, రెండువైపులా బజర్ మోగితే పోయినట్టు. మొదటి నెల అదొక్కటే చేసినా తప్పులేదు.