కార్డు పేరు ఎరగని ప్లానర్

డేటాబేస్ క్వెరీలకు జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) తోడు కావాలనుకోగానే చాలామంది క్వెరీని నడిపే భాగమైన ఎగ్జిక్యూటర్ కోడ్‌లోనే చెయ్యి పెడతారు. రేపు ఎఫ్‌పీజీఏ (సర్క్యూట్‌ని మనమే మార్చుకోగల చిప్) వస్తే అదంతా మళ్లీ రాసుకోవాలి. డేటాబేస్‌కి కార్డు సంగతే తెలియకూడదు; ఇంకో దారి ఉంది, ఖర్చు ఇంత అని తెలిస్తే చాలు.

పోస్ట్‌గ్రెస్ 9.5లో వచ్చిన కస్టమ్ స్కాన్ సరిగ్గా ఈ పద్ధతిదే. ఎక్స్‌టెన్షన్ (బయటి నుంచి జోడించే మాడ్యూల్) పోస్ట్‌గ్రెస్ ఇచ్చే హుక్ పట్టుకుని తన పాత్‌ని, అంటే క్వెరీని నడిపే తన దారిని, జాబితాలో చేరుస్తుంది. క్వెరీకి దారి ఎంచే ప్లానర్ దాన్ని సీక్వెన్షియల్ స్కాన్, ఇండెక్స్ స్కాన్‌ల పక్కన పెట్టి చవకైనది ఎంచుకుంటుంది.

అసలు చిక్కు ఖర్చు దగ్గరే. స్టార్టప్ కాస్ట్‌లో (మొదటి వరుస వచ్చేలోపు అయ్యే ఖర్చు) కెర్నల్ (కార్డు మీద నడిచే కోడ్) కంపైల్, మొదటి బ్యాచ్ రవాణా కలపకపోతే పది వరుసలే అడిగే లిమిట్ 10 క్వెరీ కూడా కార్డుకే పోతుంది. రవాణా లెక్క చూడండి: 8 కోట్ల వరుసలు, ఒక్కోటి 100 బైట్లు, మొత్తం 8 జీబీ. కార్డుకి డేటా వెళ్లే బస్ పీసీఐఈ 3.0 ఎక్స్16 మీద సెకనుకు దాదాపు 16 జీబీ అనుకున్నా అర సెకను. క్వెరీకి కావలసిన 12 బైట్ల కాలమ్‌లే పంపితే 0.06 సెకను. అందుకే డేటాను కాలమ్ వారీగా అందించే వీలు ఇంటర్‌ఫేస్‌లో లేకపోతే కార్డు ఎంత గొప్పదైనా పని ఆ బస్ దగ్గరే ఆగిపోతుంది.

క్వెరీలోని వేర్ (WHERE) షరతులన్నీ కార్డు మీద నడవవు. పూర్ణాంకాల పోలిక సరే. టెక్స్ట్ పోలిక కొలేషన్‌ని (భాషను బట్టి అక్షరాల వరుస నియమాలు) బట్టి మారుతుంది, అది సీపీయూకే వదిలేయాలి. ఫ్లోట్ (దశాంశ సంఖ్యల) మొత్తాల్లో కూడిక వరుస మారితే చివరి అంకెలు తేడా వస్తాయి. పూర్ణాంకం తన పరిమితి దాటి పొంగిపొర్లితే సీపీయూ మీద పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇస్తుంది, కార్డు మాత్రం నోరెత్తకుండా తప్పు విలువ ఇస్తుంది. కెర్నల్‌లో జెండా ఒకటి పెట్టి, అది లేచిన బ్యాచ్‌ని సీపీయూ మీద మళ్లీ నడపాలి. జాయిన్ ఫలితం బఫర్‌లో పట్టకపోయినా అంతే: కావలసిన సైజు వెనక్కి చెప్పించి, పెద్ద బఫర్‌తో మళ్లీ పంపాలి.

ప్లాన్‌లో ఎక్స్‌టెన్షన్ సొంత డేటా ఉంచుకునే కస్టమ్ ప్రైవేట్‌లో పాయింటర్ (మెమరీ అడ్రసు) దాచకండి. క్వెరీలో పని పంచుకునే పారలల్ వర్కర్‌కి ప్లాన్ టెక్స్ట్‌గా మారి వెళ్తుంది. అవతలి ప్రాసెస్‌లో ఆ అడ్రసుకి అర్థం లేదు. ఎక్స్‌టెన్షన్ మెథడ్స్‌ని పేరుతో రిజిస్టర్ చేయాల్సిందీ ఇందుకే. ఇంకోటి: సర్వర్ మొదలయ్యే షేర్డ్ ప్రీలోడ్ సమయంలో CUDAని (ఎన్విడియా కార్డులను నడిపే సాఫ్ట్‌వేర్) మొదలుపెట్టొద్దు. అప్పుడు నడుస్తున్నది పోస్ట్‌మాస్టర్, అంటే పోస్ట్‌గ్రెస్ ప్రధాన ప్రాసెస్. దాని నుంచి ఫోర్క్ అయిన పిల్ల ప్రాసెస్‌లకు ఆ CUDA పనికిరాదు. కనెక్షన్‌లో మొదటిసారి అవసరమైనప్పుడే తెరవాలి.