విత్తనం చల్లి పడుకున్నవాడు

మార్కు సువార్త 4వ అధ్యాయంలో 26 నుంచి 29 దాకా నాలుగే నాలుగు వచనాల చిన్న ఉపమానం ఉంది. మత్తయి, లూకా, యోహాను సువార్తల్లో ఇది కనపడదు. ఒక మనిషి పొలంలో విత్తనం చల్లుతాడు. రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు, ఈలోగా విత్తనం మొలిచి పెరుగుతుంది, ఎలా పెరిగిందో అతనికే తెలియదు. నేల తనంతట తానే ముందు మొలకనీ, తర్వాత వెన్నునీ, ఆ తర్వాత వెన్నులో నిండు గింజనీ ఇస్తుంది. పండగానే కొడవలి పెడతాడు. దేవరాజ్యం ఇలా ఉంటుందన్నారు ప్రభువు.

మా మామ్మకి బైబిల్లో అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇదే. ఆవిడ పోయాక వస్తున్న మొదటి మృతుల పండుగ ఇది, అందుకే రాస్తున్నాను.

మామ్మ పుట్టింది పర్లాకిమిడి దగ్గర, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పల్లెలో, రైతు ఇంట్లో. అప్పటికి ఆ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిషాలో కలిసింది, 1992లో గంజాం నుంచి విడిపోయి గజపతి జిల్లా అయింది. ఆవిడ మాత్రం పుట్టిన ఊరి నుంచి పక్క ఊరికి కోడలిగా వెళ్ళడం తప్ప పెద్దగా ఎక్కడికీ కదల్లేదు. 1922లో స్పెయిన్ నుంచి విన్సెంట్ సభ గురువులు సురడా వచ్చి పని మొదలుపెట్టారు. అంతకుముందు విశాఖపట్నం వైపు నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు వచ్చేవారు. అప్పట్లో ఫాదర్ గారు మా వైపు ఊళ్ళకి రావడమే అరుదు, ఇంట్లో జపం నేర్పేది ఉపదేశిగారే, అంటే ఊళ్ళో మత పాఠాలు చెప్పే ఆయనే. చిన్నప్పుడు పూజ లతీనులో విన్నది, రెండో వాటికన్ మహాసభ తర్వాత ఒడియాలో విన్నది, కానీ జపమాల మాత్రం చివరిదాకా తెలుగులోనే. గుడిలో అందరూ ఒడియాలో పరలోక జపం చెబుతుంటే ఈవిడ మెల్లగా తెలుగులో చెప్పుకునేది, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

చదువు రాదు. తొంభై దాటిన మనిషి, అంత పెద్ద జపమాల అంతా నోటికే. 2002లో రెండో జాన్ పాల్ పోపుగారు జపమాలలో ధ్యానించుకునే ఘట్టాలకి వెలుగు దేవరహస్యాలు అని ఐదు చేర్చినప్పుడు ఆవిడకి డెబ్భై దాటింది, అయినా మా అత్త చేత రోజూ చదివించుకుని ఆ ఐదూ బట్టీపట్టింది. ప్రభువు బాప్తిస్మం, కానా పెళ్ళి, దేవరాజ్య ప్రకటన, రూపాంతరం, దివ్యసత్ప్రసాద స్థాపన. గురువారం నాడు ఇవే చెప్పాలి అంటే ఇవే చెప్పాలి.

ఈ ఉపమానం మీద ఎక్కువగా దేవరాజ్యం ఎలా పెరుగుతుందో ప్రసంగం చెబుతారు, అది సరైనదే. మామ్మ పట్టుకున్నది మాత్రం వేరే చోట. "సూడ్రా, ఆడు సల్లేసి తొంగున్నాడని పెబువే సెప్పినాడు. తొంగోకపోతే తెల్లారి లెగిసి ఏటి సేత్తాడు?" అనేది. పొలం చేసినవాళ్ళకే ఆ వచనంలో ఆ నిద్ర కనిపిస్తుందేమో అనిపిస్తుంది నాకు.

నిద్ర అంటే పని మానేయడం అనుకోకండి. విత్తనం విషయంలో ఆవిడ ఎంత పట్టుదలగా ఉండేదో చూసినవాళ్ళకి తెలుసు. ధాన్యాన్ని ఉప్పునీళ్ళలో పోసి తేలిన తాలు తీసేసేది, మిగిలినవి మంచినీళ్ళతో కడిగి నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టి పైన గడ్డి కప్పేది. మధ్యమధ్యలో సంచిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి వేడి చూసేది, వేడెక్కువైతే నీళ్ళు చిలకరించేది. తెల్లగా ముక్కు పగిలిన గింజని అరచేతిలో పెట్టుకుని మాకందరికీ చూపించేది. ఆకుమడిలో మొదటి గుప్పెడు చల్లేముందు సిలువ గుర్తు. అంతవరకూ తన పని. ఆ తర్వాత గట్టు మీద నిలబడి దిగులు పడడం ఆవిడకి తెలియదు. ఇప్పుడు మనం పిల్లల పరీక్షల గురించీ ఉద్యోగాల గురించీ రాత్రంతా టెన్షన్ పడుతూ, మధ్యలో నాలుగు జపాలు చెప్పి దాన్నే ప్రార్థన అనుకుంటున్నాం. అది ప్రార్థన కాదనను, కానీ మామ్మ చేసింది దానికంటే కష్టమైన పని అని నా నమ్మకం.

మా ప్రాంతంలో ఈ సువార్త పఠనం సరైన వేళకే వస్తుంది. గుడిలో పఠనాలు మూడేళ్ళకోసారి తిరిగి వస్తాయి, అందులో రెండోదైన బి సంవత్సరం సామాన్య కాలపు 11వ ఆదివారం, అంటే మూడేళ్ళకోసారి జూన్ నడుమ, ఆకుమళ్ళు పోసే రోజుల్లో. 2018లోనూ అలాగే వచ్చింది. ఆ ఏడు అక్టోబరు 11న, వరి వెన్ను తీసే వేళ, తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా మీదికి వచ్చింది. గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు. మా ఇంటి పెంకులు లేచిపోయాయి, చేను పడుకుంది, మళ్ళీ లేస్తుందో లేదో తెలియదు. ఆ రాత్రి కరెంటు లేదు. కొవ్వొత్తి ముందు జపమాలకి కూర్చుంటే మా నాన్న, ఇలాంటి రోజున దుఃఖ దేవరహస్యాలు చెప్పుకుందామమ్మా అన్నారు. "ఇయ్యాల గురువారం నాయినా" అని వెలుగు దేవరహస్యాలే మొదలుపెట్టింది. మూడోది దేవరాజ్య ప్రకటన. ఆ పది మంగళవార్తలూ, అంటే మరియమ్మ జపాలు, ఒక్కటి కూడా తొందరపడకుండా చెప్పింది. జపం అయ్యాక చాప వేసుకుని పడుకుంది, నిద్రపోయింది కూడా. తెల్లారి గట్టు మీద కూర్చుని, గండి కొట్టి నీళ్ళు తీయించి, లేచే దుబ్బుల్ని లేపి కట్టించింది. కొంత దక్కింది, చాలావరకు పోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా చిన్నాన్న ఒకాయన ఎప్పుడో గుడికి రావడం మానేశారు. మామ్మ ఆయనతో దాని గురించి గొడవ పడలేదు, అడగను కూడా అడగలేదు. ఏళ్ళ తరబడి రోజూ ఒక పది మంగళవార్తలు ఆయన పేరున చెప్పేది. మామ్మ కన్నుమూసేనాటికీ ఆయన రాలేదు, ఇప్పటికీ క్రిస్మస్‌కి తప్ప రారు. మరి ఆ జపాలన్నీ ఏమయ్యాయి అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు ఆ ఉపమానంలో ఉన్నంతే. ఎలా పెరుగుతుందో చల్లినవాడికి తెలియదు అనే రాసి ఉంది. మామ్మ ఆ మాటని మనలాగా చదివి వదిలెయ్యలేదు, అలాగే బతికింది, అందుకే ఫాదర్ గారు వచ్చి నూనె పూసి ఇచ్చే అవస్థ అభ్యంగనం అప్పుడు కూడా ఆవిడ ముఖంలో ఆ దిగులు లేదు.

మన తల్లి శ్రీసభ నవంబరు 2న మృతులందరినీ స్మరిస్తుంది. 1 నుంచి 8 దాకా సమాధుల దగ్గరికి వెళ్ళి వాళ్ళ కోసం ప్రార్థించి, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), దివ్యసత్ప్రసాదం, పోపుగారి ఉద్దేశాల కోసం జపం, వీటన్నిటితో పొందే పరిపూర్ణ ఫలాన్ని, అంటే పాపాలకి మిగిలిన శిక్ష పూర్తిగా తొలగడాన్ని, ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందుతున్న ఆత్మలకి ఇవ్వొచ్చు. రెండో మక్కబీయుల గ్రంథం 12వ అధ్యాయంలో యూదా మక్కబీయుడు చనిపోయిన సైనికుల కోసం చందాలు పోగుచేసి యెరూషలేముకి పంపిన సంగతి ఉంది, మృతుల కోసం ప్రార్థించడం అంత పాతది. మామ్మకి దీని మీద చాలా పట్టు. పూజలో చదవడానికి పేర్లు రాసివ్వమంటే, తనకి రాయడం రాదు కాబట్టి వరసగా చెబుతూ మా చేత రాయించేది. అందులో మా చుట్టాలు సగమే. మిగతావాళ్ళు మా పొలంలో ఊడ్చినవాళ్ళు, కోసినవాళ్ళు, కొండల నుంచి కూలికి వచ్చిన సవరలు, ఒక పడవవాడు.

ఈ ఏడు ఆ పేర్లు మా అత్తని అడిగి మళ్ళీ రాసుకుంటున్నాను. మామ్మ పేరు అన్నిటికన్నా పైన రాయబోతే అత్త ఒప్పుకోలేదు. మీ మామ్మ ఎప్పుడూ వాళ్ళ నాన్న దగ్గర చేసిన పాలేరు పేరే ముందు చెప్పేది, ఆవిడకి చేత్తో విత్తనం చల్లడం నేర్పింది ఆయనే, ఆయన్నే ముందు రాయి అంది. అలాగే రాశాను, మామ్మ పేరు రెండోది.