ఏటిగట్టు గడ్డిలో ఏమేం ఉన్నాయో రాసుకున్నాను: నా అనుభవం

రావులపాలెం దగ్గర గౌతమి ఏటిగట్టు వారగా ఒక మేత నేల ఉంది. గరిక, తుంగ, ఏటి అంచున రెల్లు. వరద తీసి ఒండ్రు ఆరాక గేదెలు మళ్లీ అందులోకే దిగుతాయి. అడిగితే ఎవరైనా అది ఖాళీ జాగా అంటారు. ఆ మాట నాకు మొదటినుంచీ నచ్చదు. అందుకే నిరుడు హస్త కార్తె వానలు మొదలవగానే, అక్కడ ఏ పుట్టగొడుగు మొలుస్తోందో, ఏ జీవి తిరుగుతోందో రాసి పెట్టడం మొదలుపెట్టాను.

ముందు హద్దులు పెట్టుకోవాలి. గట్టంతా మనదే అనుకుంటే పని సాగదు. నేను తూము దగ్గర్నుంచి రావిచెట్టు దాకా తీసుకున్నాను. ఎప్పుడు వెళ్లినా అదే దారి, అదే నడక. అలా అయితేనే ఒక రకం కనబడని రోజున "లేదు" అని రాసినా దానికి విలువ ఉంటుంది.

తోడు వస్తామన్నవాళ్లకి మొట్టమొదట చెప్పేది బూట్ల సంగతి. తడి గడ్డిలో రక్తపింజరి కదలకుండా పడుకుని ఉంటుంది. మోకాళ్ల దాకా గమ్‌బూట్లు, ముందు గడ్డిని తట్టడానికి ఒక కర్ర తప్పనిసరి. చెయ్యి పెట్టే ముందు చూపు పెట్టాలి.

వెళ్లడం తెల్లవారాకే, ఎండ ఎక్కకముందే. పేడ మీద మొలిచే ఇంక్ క్యాప్ రకాలు మధ్యాహ్నానికి నల్లటి నీరుగా కరిగిపోతాయి, ఆలస్యమైతే మరక తప్ప ఏమీ మిగలదు. కనిపించిన ప్రతిదానికీ పైనుంచి ఒక ఫొటో, పక్కనుంచి ఒకటి, గొడుగు కింది పొరలది ఒకటి, కాడ మొదలుది ఒకటి తీస్తాను. మొదలు చూడటానికి చుట్టూ మట్టి తవ్వి పూర్తిగా పైకి తీయాలి. అడుగున సంచిలాంటి తొడుగు ఉందో లేదో తెలియకపోతే అమనిటా ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపు) పట్టుకోలేం, మనుషుల్ని చంపే రకాలు కొన్ని అందులో ఉన్నాయి. దేని మీద మొలిచిందో కూడా రాస్తాను: పేడా, పుచ్చిన కొబ్బరి మట్టా, చివికిన గడ్డా, ఉత్త మట్టా. చాలామంది ఫొటో ఒక్కటి పెట్టి ఊరుకుంటారు. నా లెక్కలో ఈ ఒక్క మాట ఫొటోతో సమానం.

గేదెలు కాసే పెద్దాయన రోజూ ఒకటే అడిగేవారు. "ఏటండీ అమ్మాయిగారూ, ఇయ్యి తినొచ్చాండీ?"

"అది నేను చెప్పను బాబాయ్ గారూ. ఏంటో రాసుకోడానికే వచ్చాను."

"ఆయ్, సరేనండి" అనేవారు గానీ, ఆయనకి నమ్మకం కుదరలేదు.

ఆ ప్రశ్న ఎంత ముఖ్యమైందో చిత్త కార్తెలో తెలిసింది. మంచి వాన పడ్డ రెండో పొద్దున గట్టు వాలున తెల్లటి పెద్ద గొడుగులు గుండ్రంగా వలయం కట్టి లేచాయి. ఆ వలయం వెంట గరిక మిగతా చోట్లకన్నా ముదురు పచ్చగా ఉంది. భూమిలో అల్లుకున్న శిలీంధ్రం కుళ్లిన పదార్థాన్ని విడగొడుతుంటే అందులోని నత్రజని గడ్డికి అందుతుంది. గొడుగు మీద గోధుమరంగు పొలుసులు, కాడకి ఉంగరం. అడుగున పొరలు తెల్లగానే ఉన్నాయి. చూస్తే ఎవరికైనా కూర గుర్తొస్తుంది.

ఒకటి ఇంటికి తెచ్చాను. కాడ కోసేసి, సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం పక్కపక్కన అతికించి, దాని మీద గొడుగును పొరలు కిందికి వచ్చేలా పెట్టి, గిన్నె బోర్లించాను. ఏ రంగు సిద్ధబీజాలు (పుట్టగొడుగుకి విత్తనాల్లాంటి పొడి) రాలతాయో ముందు తెలియదు కాబట్టి రెండు రంగుల కాగితం. పొద్దున్నే గిన్నె ఎత్తితే పొరల గీతలన్నీ అచ్చుపడి ఉన్నాయి, మసక ఆకుపచ్చ రంగులో! ఒళ్లు జలదరించింది. ఆకుపచ్చ పొడి రాల్చే పెద్ద గొడుగులు చాలా అరుదు. ఇది క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. తింటే కొద్ది గంటల్లోనే విపరీతమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. లేతగా ఉన్నప్పుడు పొరలు తెల్లగా ఉండటమే దీనితో ప్రమాదం, పచ్చదనం ముదిరాకే వస్తుంది. కాగితం తీసుకెళ్లి బాబాయ్ గారికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఇంట్లో ఆడవాళ్లకి చూపిస్తానని అడిగి పట్టుకెళ్లారు.

నమోదంతా, జీవుల ఫొటోలు పెడితే జనం పేర్లు గుర్తుపట్టే ఆప్ ఐనాచురలిస్ట్‌లో పెడతాను. ఫొటో, తేదీ, చోటు ఉండి, పేరు చెప్పినవాళ్లలో మూడింట రెండొంతులకు మించి ఒకే జాతి పేరు మీద ఒప్పుకుంటే దాన్ని పరిశోధనకు పనికొచ్చే నమోదుగా లెక్కేస్తారు. పుట్టగొడుగుల్లో చాలావాటికి అది జరగదు, మైక్రోస్కోప్ లేకుండా తేలనివే ఎక్కువ. చిన్న గోధుమరంగు వాటిని నేను ప్రజాతి దగ్గరే, కొన్నిసార్లు ఇంకా పైనే ఆపేస్తాను. ఆప్ చూపించే మొదటి పేరు నొక్కేయడం తేలిక, కానీ ఆ పేరు మీద రేపు ఇంకొకరు ఆధారపడతారు.

మిగతా జీవులకు అంత టెన్షన్ లేదు. జిల్లేడు ఆకుల మీద ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళి పురుగులు, బురదలో ముంగిస అడుగులు, తీగల మీద పాలపిట్ట. స్వాతి కార్తెలో మాత్రం తూనీగలు గట్టు మీద గుంపులుగా తేలుతుంటాయి, అందులో ఎక్కువ పంటాలా ఫ్లావెసెన్స్. ఈ రకం మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరుతుందని పరిశోధకులు చెబుతున్నారు. మా గట్టు మీదివి ఎటు పోతాయో గానీ, అవి వచ్చిన తేదీ, గాలి వాటం ప్రతిసారీ రాస్తున్నాను.

ఈ ఏడు ఏటి వైపు వాలు కూడా కలుపుతున్నాను. వరద నీళ్లు నిలిచిన చోటా, నిలవని చోటా ఒకే రకాలు వస్తున్నాయేమో చూడాలి. గేదెల్ని అటు ఎప్పుడు తోలతారో బాబాయ్ గారు ముందే ఫోన్ చేస్తానన్నారు. పేడ ఎన్నాళ్లదో రాయడానికి ఆ తేదీ కావాలి.